ఏస్‌ని ఇచ్చేయాలా, ఉంచుకోవాలా: ఏడుగురు యజమానులు, ఒక జూలై నెల

నేపథ్యం

పగలు నేను చేసేది బీమా రంగంలో రిస్కు లెక్కగట్టే పని, యాక్చువరీ ఉద్యోగం. సాయంత్రాలూ శని ఆదివారాలూ బేస్‌బాల్ డైనస్టీ లీగుల్లో, అంటే అసలు ఆటగాళ్ళని కాగితం మీద కొనుక్కుని నడిపే ఫాంటసీ ఆటల్లో, ఆడే జట్లకు సలహాలిస్తుంటాను. పదేళ్ళకు పైగా చేస్తున్నాను కాబట్టి ఇదీ వృత్తి లాంటిదే అయింది. ఈ కేసులో ఉన్నవాళ్ళని అడిగే రాస్తున్నాను. ఊరు, లీగు, ఆటగాళ్ళ పేర్లు తీసేశాను. కొందరి వృత్తులూ వయసులూ మార్చాను. చరిత్రలో జరిగిన ట్రేడ్ల (జట్లు ఆటగాళ్ళని మార్చుకునే బేరాల) దగ్గర మాత్రం అసలు పేర్లే ఉంచాను.

బేస్‌బాల్ అలవాటు లేనివారి కోసం ముందు కొంత చెప్పాలి. స్టార్టింగ్ పిచర్ అంటే మ్యాచ్ మొదటి బంతి నుంచీ వేసేవాడు. ఒక రోజు తొంభై, వంద బంతులు వేస్తాడు. తర్వాత నాలుగైదు రోజులు చేతికి విశ్రాంతి. జట్టుకి అలాంటివాళ్ళు మామూలుగా ఐదుగురు, వాళ్ళలో మేటిని ఏస్ అంటారు. ప్రాస్పెక్ట్ అంటే పైకి రాగలడని పేరుపడి, ఇంకా మైనర్ లీగుల్లో, అంటే పైనున్న మేజర్ లీగు కింది మెట్లలో, ఉన్న కుర్రాడు. రూకీ లీగు, సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ, ఇలా ఒక్కో మెట్టూ ఎక్కి రావాలి. చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. జూలై ఆఖరులో ట్రేడ్ గడువు దగ్గరపడేసరికి ప్రతి ఊళ్ళోనూ అభిమానుల మధ్య ఒకటే చర్చ: మన ఏస్‌ని ఇచ్చి వాళ్ళ కుర్రాళ్ళని తెచ్చుకుందామా?

మామూలు అభిమానులకి అది మాటల్లోనే తేలిపోయే చర్చ. డైనస్టీ లీగులో ఆడేవాళ్ళు మాత్రం నిర్ణయం తీసుకుని తీరాలి. 1980లో డాన్ ఓక్రెంట్ తన మిత్రులతో కలిసి మొదలుపెట్టిన ఆటకి ఇది పెద్దకొడుకు లాంటిది. వాళ్ళు కలుసుకునే న్యూయార్క్ రెస్టారెంట్ పేరు మీదే ఆ పద్ధతిని రోటిస్సరీ అంటారు. అసలు ఆటగాళ్ళ అసలు గణాంకాలతో పది విభాగాల్లో జట్లకు ర్యాంకులు ఇస్తారు. బ్యాటింగ్‌లో ఐదు, పిచింగ్‌లో ఐదు. ర్యాంకుల పాయింట్లన్నీ కలిపి ఎక్కువ వచ్చినవాళ్ళు గెలిచినట్టు. డైనస్టీలో సీజన్ అయిపోయినా ఆటగాళ్ళు మన దగ్గరే ఉంటారు, మైనర్ లీగు కుర్రాళ్ళతో సహా. ఈ లీగులో 14 జట్లు. ఆటగాళ్ళకి కాంట్రాక్టు ఏళ్ళు ఉంటాయి, అవి అయిపోతే ఆటగాడు తిరిగి వేలానికి వెళ్ళిపోతాడు. ఈ ఒక్క నియమాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మన జట్టుకి ఏడుగురు యజమానులు. ఐదుగురు తెలుగువాళ్ళు, ఇద్దరు వాళ్ళ వీధిలోవాళ్ళు. అందరిలో పెద్దాయన తొంభైలలో ఉద్యోగం మీద అమెరికా వచ్చారు. కాలేజీలో మీడియం పేస్ వేసిన మనిషి. పిచర్ చెయ్యి ఎత్తే తీరు చూసి ఇవాళ వీడికి ఒంట్లో బాలేదని చెప్పేస్తారు, చాలాసార్లు అది నిజమవుతుంది. ఒకరు ఎముకల డాక్టరుగారు, ఒకరు అకౌంటెంటు. ఆ అకౌంటెంటు గారబ్బాయే అందరిలో చిన్నవాడు, కాలేజీలో స్టాటిస్టిక్స్ చదువుతున్నాడు, అందరినీ అంకుల్ అంటాడు. మిగిలిన ముగ్గురి గురించి చెప్పుకోవలసినంత లేదు.

నా దగ్గరికి వచ్చిన సమస్య

జూలై రెండో వారం. జట్టు ఆరో స్థానంలో ఉంది. 14 జట్ల లీగులో ఆరో స్థానం చాలా ఇబ్బందికరమైన చోటు. గెలుస్తామన్న నమ్మకం ఉండదు, ఈ ఏడాదికి చాలని వదిలేయడానికి మనసొప్పదు.

వాళ్ళ చేతిలో ఉన్న పెద్ద ఆస్తి ఒక ఎడమచేతి స్టార్టర్. వయసు 29. స్ట్రైకౌట్లలో, అంటే మూడు స్ట్రైకులతో బ్యాటర్ని ఔట్ చేయడంలో, లీగులో మొదటి వరసలో ఉన్నాడు. మోచేతికి ఇంతవరకు కత్తి తగల్లేదు. కాంట్రాక్టు ఈ ఏడాదీ వచ్చే ఏడాదీ మాత్రమే. మొదటి స్థానంలో ఉన్న జట్టు అతని కోసం ముగ్గురిని ఇస్తామంది: హై-ఏలో ఆడుతున్న 20 ఏళ్ళ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్), డబుల్-ఏలో 22 ఏళ్ళ పిచర్, రూకీ లీగులో 18 ఏళ్ళ ఔట్‌ఫీల్డర్ (మైదానం వెనక భాగంలో ఫీల్డింగ్ చేసేవాడు). షార్ట్‌స్టాప్ పేరు ప్రాస్పెక్ట్ జాబితాలన్నిటిలోనూ పైనే ఉంది. అతని కోసమే ఈ బేరమంతా. మిగతా ఇద్దరూ కొసరు.

ట్రేడ్ జరగాలంటే ఏడింట ఐదు ఓట్లు కావాలని వాళ్ళు ఎప్పుడో రాసుకున్న నియమం. మొదటి ఓటులో ముగ్గురు ఇచ్చేద్దామన్నారు, ముగ్గురు వద్దన్నారు, ఒకరు ఎటూ చెప్పలేదు. అకౌంటెంటు గారిది స్పష్టమైన మాట: "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలండీ. ఆ చెయ్యి ఈ రాత్రి విరిగితే రేపు మనకి ఎవరూ రూపాయి ఇవ్వరు." పెద్దాయన అంతే గట్టిగా: "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ పిల్లాడు ఇంకా డబుల్-ఏ గడప తొక్కలేదు, అప్పుడే అతన్ని మన జట్టులో మూడో నంబరు బ్యాటర్ని చేసేశారు." రెండు సామెతలూ నిజమే. అందుకే వాదన పది రోజులైనా తెగలేదు. ఇళ్ళల్లో కూడా మాటలు తగ్గాయని తర్వాత తెలిసింది.

వాళ్ళు నన్ను అడిగింది ఒకటే: ఈ ముగ్గురి విలువ ఎంతో తేల్చి చెప్పండి. ప్రశ్నని వాళ్ళు అడిగినట్టే తీసుకున్నాను. అది నా తప్పు. బీమా పనిలో ఎవరైనా ఒక ఇంటి విలువ అడిగితే, అమ్మడానికా, బీమాకా, అప్పుకా అని ముందు అడుగుతాం. ఇక్కడ అడగలేదు.

ఏం ప్రయత్నించాం, ఏది ఫలించలేదు

మొదట జాబితాలు తీశాను. బేస్‌బాల్ అమెరికా 1990 నుంచి ఏటా వంద మంది ప్రాస్పెక్టుల పట్టిక వేస్తోంది. ఇప్పుడు అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. నాలుగైదింటి సగటు తీస్తే ఏ ఒక్కరి పక్షపాతమూ మిగలదన్నది నా ఆలోచన. కానీ ఈ జాబితాలు ఒకదానికొకటి స్వతంత్ర సాక్ష్యాలు కావు. అందరూ చూసేది అవే మ్యాచ్‌లు, మాట్లాడేది ఆ స్కౌట్లతోనే (కుర్రాళ్ళ ఆట చూసి అంచనా వేసేవాళ్ళు), చదివేది ఒకరి రాతలు ఒకరు. నలుగురు ఒకే మాట చెప్పారంటే నాలుగు సాక్ష్యాలు దొరికినట్టు కాదు, ఒకే సాక్ష్యం నాలుగుసార్లు విన్నట్టు.

స్కౌట్ల మార్కులతోనూ అదే చిక్కు. వాళ్ళది 20 నుంచి 80 వరకు ఉండే కొలత. 50 అంటే మేజర్ లీగు సగటు, ప్రతి పది మార్కులూ ఒక స్టాండర్డ్ డీవియేషన్. ఈ షార్ట్‌స్టాప్‌కి ఎక్కువమంది 60 వేశారు. ఆ 60 మధ్యలో పెట్టిన గుర్తు మాత్రమే. దాని చుట్టూ ఎంత వెడల్పు ఉందో చెప్పదు. 20 ఏళ్ళ వయసులో హై-ఏలో ఉన్నవాడి 60కీ, 24 ఏళ్ళకి మేజర్ లీగులో నిలదొక్కుకున్నవాడి 55కీ తేడా ఐదు మార్కులు కాదు, వాటి వెడల్పుల్లో ఉంది. ఇది చెబితే ఇచ్చేద్దామన్న వాళ్ళు వెడల్పు పైభాగం చూశారు, వద్దన్న వాళ్ళు కింది భాగం చూశారు.

తర్వాత చరిత్ర తెరిచాం. ఈ వారం గురించి కాస్త వివరంగా రాస్తాను, నాకు అసలు విషయం దొరికింది ఇక్కడే.

ఇచ్చేద్దామన్న వాళ్ళ వైపు గట్టి ఉదాహరణలు ఉన్నాయి. 2002 జూన్‌లో క్లీవ్‌లాండ్ తన పిచర్ బార్తొలో కొలోన్‌ని మాంట్రియల్ ఎక్స్‌పోస్‌కి ఇచ్చి తెచ్చుకున్నవాళ్ళలో గ్రేడీ సైజ్‌మోర్, క్లిఫ్ లీ, బ్రాండన్ ఫిలిప్స్ ఉన్నారు. ముగ్గురూ తారలయ్యారు. 1987లో డెట్రాయిట్ టైగర్స్ పిచర్ డాయిల్ అలెగ్జాండర్ కోసం అట్లాంటాకి ఇచ్చిన కుర్రాడి పేరు జాన్ స్మోల్ట్జ్. అతను తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. వద్దన్న వాళ్ళు 2008లో తన ఏస్ జోహాన్ సంతానాని మెట్స్‌కి ఇచ్చిన మిన్నెసోటాని చూపించారు. వచ్చిన నలుగురిలో కార్లోస్ గోమెజ్ గొప్ప ఆటగాడే అయ్యాడు, కానీ మిల్వాకీలో, మిన్నెసోటా అతన్ని వదులుకున్నాక. నాటింది ఒకరు, కోసింది ఇంకొకరు.

2008 జూలైలో పిచర్ సీసీ సబాథియా క్లీవ్‌లాండ్ నుంచి మిల్వాకీకి వెళ్ళిన ట్రేడ్‌ని మాత్రం ఇరువైపులవాళ్ళూ తమ సాక్షిగా పిలిచారు. సబాథియా మిల్వాకీలో 11 గెలిచి 2 ఓడాడు, ఈఆర్‌ఏ 1.65, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి రెండు పరుగులు కూడా ఇవ్వలేదు. 1982 తర్వాత మొదటిసారి మిల్వాకీ ప్లేఆఫ్స్‌కి చేరింది. క్లీవ్‌లాండ్‌కి వచ్చిన పెద్ద పేరు మాట్ లపోర్టా, 2007 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట) ఏడోవాడిగా తీసుకున్న బ్యాటర్. అతను నిలదొక్కుకోలేదు. కానీ ఆ ట్రేడ్‌లో తర్వాత చెబుతామని ఖాళీగా వదిలిన పేరు ఒకటి ఉంది. ఆ ఖాళీలోకి వచ్చినవాడు మైకేల్ బ్రాంట్లీ. 2014లో ఎంవీపీ (ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడు) ఓటింగ్‌లో మూడో స్థానం దాకా వెళ్ళాడు. అభిమానులు నెలలకు నెలలు వాదించుకున్నది లపోర్టా గురించి.

చరిత్రని ఇలా వాడితే ఎవరికి కావలసిన రాయి వాళ్ళు ఏరుకుంటారు. అయినా షీల్డ్స్ ట్రేడ్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. 2012 డిసెంబరులో కాన్సస్ సిటీ రాయల్స్ విల్ మైయర్స్‌తో సహా మంచి ప్రాస్పెక్టులని టాంపా బేకి ఇచ్చి పిచర్లు జేమ్స్ షీల్డ్స్‌నీ వేడ్ డేవిస్‌నీ తెచ్చుకున్నారు. తర్వాతి ఏడాదే మైయర్స్‌కి రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే ఆ ఏటి మేటి కొత్త ఆటగాడి అవార్డు, వచ్చింది. రాయల్స్ నిలువునా మోసపోయారని అప్పట్లో ఎందరో అన్నారు. 2014లో రాయల్స్ వరల్డ్ సిరీస్‌కి (మేజర్ లీగు ఫైనల్‌కి) చేరారు, 2015లో గెలిచారు. షీల్డ్స్ అప్పటికే వెళ్ళిపోయాడు, ఆఖరి ఇన్నింగ్స్ వేసింది డేవిస్. ఈ ట్రేడ్‌లో గెలిచింది ఎవరు? 2013 ఆఖరున అడిగితే ఒక జవాబు, 2015 ఆఖరున అడిగితే ఇంకో జవాబు. కళ్ళెదుట ఉన్నా అప్పటికి దీన్ని నేను పూర్తిగా పట్టుకోలేకపోయాను.

మూడో ప్రయత్నం ఒక పెద్ద లెక్కల పట్టిక. ప్రతి ఆటగాడికీ రాబోయే ఐదేళ్ళలో ఒక్కో విభాగంలో ఏమాత్రం తోడ్పడతాడో అంచనా, మేజర్ లీగుకి చేరే అవకాశం, గాయాల తరుగు. స్టాటిస్టిక్స్ చదివే కుర్రాడూ నేనూ రెండు రాత్రులు కూర్చుని చేశాం. చేశాక అందరూ అంకెలతో ఆడుకున్నారు. ఒకరు షార్ట్‌స్టాప్ పైకి వచ్చే అవకాశం కాస్త పెంచితే ఇంకొకరు ఏస్ గాయాల తరుగు కాస్త తగ్గించారు. తమకు కావలసిన జవాబు వచ్చేదాకా మార్చారు.

ఆ రాత్రి పట్టికని ఒంటరిగా పరీక్షించాను. ఏ అంకెని కదిపితే జవాబు మారుతోందో ఒక్కొక్కటిగా చూశాను. ప్రాస్పెక్ట్ అంచనాలని కదిపితే జవాబు కొద్దిగానే కదిలింది. కానీ మూలన ఒక గడి ఉంది. ఏడాది ఆలస్యమైతే విలువని ఎంత తగ్గించాలో చెప్పే శాతం. అందులో అలవాటు కొద్దీ 10 పెట్టాను. 10 ఉంటే ఏస్‌ని ఇచ్చేయాలి. 25 పెడితే ఉంచుకోవాలి. ఇంత వాదనా ఆ ఒక్క గడిలో ఉంది, దాని గురించి పది రోజుల్లో ఎవరూ నోరెత్తలేదు. ఈ ఏడుగురూ ఆటగాళ్ళ గురించి వాదించుకుంటున్నామని అనుకున్నారు, నిజానికి వాదించుకుంటున్నది కాలం గురించి. ఒకరికి రేపటి గెలుపూ ఇవాళ్టి గెలుపూ దాదాపు ఒకటే. ఇంకొకరికి రేపు చాలా దూరం.

ఏది పనిచేసింది

శనివారం పొద్దున అందరినీ పెద్దాయన ఇంట్లో కూర్చోబెట్టాను. ఆటగాళ్ళ పేర్లు ఎత్తవద్దన్నాను. ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇచ్చి, ఈ జట్టు టైటిల్ కోసం పోరాడాల్సిన ఏడాది ఏదో రాయమన్నాను. మాట్లాడుకోకుండా, మడిచి ఇవ్వమన్నాను. చీటీ ఎందుకంటే, గట్టిగా చెబితే మొదట మాట్లాడినవాళ్ళ ఏడాదే అందరిదీ అవుతుంది. పెద్దవాళ్ళు చెప్పాక కుర్రాడు వేరే మాట చెప్పడు, చెప్పినా గొంతు తగ్గించి చెబుతాడు.

ఒకరు ఈ ఏడాది అని రాశారు. ముగ్గురు వచ్చే ఏడాది. ఇద్దరు మూడేళ్ళ తర్వాత. ఒక చీటీలో ఏడాదే లేదు, "ధర బాగుంటే ఎప్పుడైనా అమ్మాలి" అని ఉంది. అది కుర్రాడిది.

చీటీలు తెరిచాక ఎవరిది ఏదో వాళ్ళే చెప్పారు, నేను అడగలేదు. ఏస్‌ని ఇచ్చేద్దామని అందరికన్నా గట్టిగా పట్టుబట్టిన అకౌంటెంటు గారు రాసింది వచ్చే ఏడాది. హై-ఏలో ఉన్న షార్ట్‌స్టాప్ వచ్చే ఏడాదికి మేజర్ లీగులో ఉండడు, ఉన్నా టైటిల్ తెచ్చేంత ఆడడు. ఆయన అడుగుతున్న ట్రేడ్ ఆయన కోరుకున్న ఏడాదికే అడ్డం. ఏస్‌ని ముట్టుకోవద్దన్న డాక్టరుగారు రాసింది మూడేళ్ళ తర్వాత. అప్పటికి ఏస్ కాంట్రాక్టు అయిపోయి రెండేళ్ళవుతుంది. డాక్టరుగారు చీటీని చాలాసేపు చూసి, "నాకు టైటిల్ అంత ముఖ్యం కాదనుకుంటా. అతను వేస్తుంటే మనవాడు వేస్తున్నాడని చూడటం ఇష్టం" అన్నారు. అది పూర్తిగా న్యాయమైన కారణం. పది రోజులు దాన్ని మోచేతి స్నాయువుల గురించిన వాదనగా వినిపించబట్టి ఎవరూ దానికి జవాబు చెప్పలేకపోయారు.

పెద్దాయనదీ వచ్చే ఏడాదే. "వచ్చే ఏడాది ఆఖరుకి మేం సొంతూరు వెళ్ళిపోతున్నాం. ఇల్లు కూడా కట్టుకున్నాం. వెళ్ళేలోపు ఒక్కసారి..." అని ఆపేశారు. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఏడాది తేలాక ప్రశ్న మారిపోయింది. వచ్చే ఏడాది గెలవడానికి ఏం కావాలి? అప్పుడు పట్టికలో ఎవరూ చూడని ఇంకో పేజీ తీశాను: పది విభాగాల్లో మన స్థానాలు. స్ట్రైకౌట్లలో మొదటి స్థానం, రెండోవాళ్ళకీ మనకీ మధ్య పెద్ద ఎడం. రోటిస్సరీలో ఒక్క స్ట్రైకౌట్ తేడాతో మొదట ఉన్నా, రెండు వందల తేడాతో ఉన్నా వచ్చే పాయింట్లు అవే. ఆ మిగులంతా వృథా. పరుగుల్లో 11వ స్థానం, దొంగిలించిన బేస్‌లలో (బంతి కొట్టకుండానే పరిగెత్తి తర్వాతి బేస్‌కి చేరడంలో) 12. అక్కడ ఐదారు జట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, పది బేస్‌లు దొంగిలిస్తే నాలుగు మెట్లు ఎక్కుతాం. ఏస్ స్థానంలో ఒక మోస్తరు స్టార్టర్ని పెట్టినా స్ట్రైకౌట్లలో ఒక మెట్టే దిగుతాం. వేగంగా పరిగెత్తే బ్యాటర్ ఒకడు వస్తే రెండు విభాగాల్లో కలిపి ఏడెనిమిది మెట్లు. అంటే అందరూ నోరూరించుకునే పేరు మనకి అక్కర్లేదు, ఎవరూ పట్టించుకోని ఒక పనిమంతుడు కావాలి.

దీనికి సరిపోయే ఉదాహరణ ఒకటి వాళ్ళ ముందు పెట్టాను. 2024 ఫిబ్రవరిలో మిల్వాకీ తన ఏస్ కార్బిన్ బర్న్స్‌ని బాల్టిమోర్‌కి ఇచ్చింది. ఒప్పందంలో అతనికి మిగిలింది ఒక్క ఏడాదే. బదులుగా వచ్చినవాళ్ళు జోయీ ఓర్టిజ్, డీఎల్ హాల్, వాళ్ళతో పాటు ఒక డ్రాఫ్ట్ పిక్. ఇద్దరూ అంతకుముందే మేజర్ లీగులో అడుగుపెట్టినవాళ్ళు, జాబితాల్లో మొదటి పదిమందిలో ఉండే పేర్లు కావు. ఆ ఏడాది ఓర్టిజ్ మూడో బేస్‌లో నిలకడగా ఆడాడు, మిల్వాకీ డివిజన్ గెలిచింది. ఏస్‌ని ఇవ్వడమంటే ఆ ఏడాదిని వదులుకోవడమే కానక్కర్లేదు, తెచ్చుకునేవాళ్ళ వయసూ మెట్టూ మన ఏడాదికి సరిపోతే చాలు.

పిచర్‌కి బదులు పిచర్ ప్రాస్పెక్ట్‌ని తేవద్దన్నది నా ఇంకో సలహా. అభిమానుల్లో పాత మాట ఒకటుంది, పిచింగ్ ప్రాస్పెక్ట్ అనే వస్తువే లేదని. అతిశయోక్తే, కానీ అందులో అనుభవం ఉంది. 2018లో క్రిస్ ఆర్చర్ కోసం పిట్స్‌బర్గ్ టాంపా బేకి ఇచ్చినవాళ్ళు టైలర్ గ్లాస్నౌ, ఆస్టిన్ మెడోస్, షేన్ బాజ్. ఈ తరంలో ఇంత ఏకపక్షంగా సాగిన ట్రేడ్ అరుదని అందరూ అంటారు. అందులో ఉన్న మూడు చేతుల సంగతి చూడండి: 2020లో ఆర్చర్‌కి భుజం పైన, మెడ దగ్గర శస్త్రచికిత్స జరిగి ఆ సీజనంతా పోయింది. 2021లో గ్లాస్నౌకీ 2022లో బాజ్‌కీ మోచేతి టామీ జాన్ శస్త్రచికిత్స (తెగిన స్నాయువు స్థానంలో ఇంకొకటి అమర్చేది). గెలిచినవాళ్ళ చేతులు కూడా కత్తి కిందికే వెళ్ళాయి. టామీ జాన్ అయితే తిరిగి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. మన ఏస్ కాంట్రాక్టులో మిగిలిందే ఏడాదిన్నర. అంటే అతన్ని ఉంచుకుంటే ఒక్క చెడ్డ బంతితో మొత్తం పోవచ్చు. ఈ ఒక్క విషయంలో అకౌంటెంటు గారి సామెతే నెగ్గింది. ఈ లెక్క డాక్టరుగారే వేసి చూపించారు, వేసి కూడా తన మాట మీదే నిలబడ్డారు.

మేం తిప్పి పంపిన బేరం ఇది: షార్ట్‌స్టాప్ వద్దు, డబుల్-ఏ పిచర్ వద్దు. వాళ్ళ దగ్గరున్న, తన మేజర్ లీగు జట్టులో ఏడో స్థానంలో బ్యాటింగ్ చేస్తున్న 24 ఏళ్ళ ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర నిలబడే ఫీల్డర్), ఒక మోస్తరు స్టార్టర్, ఆ 18 ఏళ్ళ ఔట్‌ఫీల్డర్. ఆ ఔట్‌ఫీల్డర్ని, మూడేళ్ళ తర్వాత అని రాసిన ఇద్దరి కోసం అడిగాను. వాళ్ళ ఏడాదికీ ఒక విత్తనం ఉండాలి.

అవతలివాళ్ళు గంటలో ఒప్పుకున్నారు. వెంటనే మనవాళ్ళలో కలవరం మొదలైంది: ఇంత త్వరగా ఒప్పుకున్నారంటే మనం తక్కువ అడిగామేమో. ఇది ప్రతి బేరంలోనూ వస్తుంది, దీనికి సిద్ధంగా ఉండాలి. త్వరగా ఒప్పుకున్నారంటే మనం మోసపోయామని కాదు, ఇద్దరి అవసరాలు వేరని కూడా కావచ్చు. వాళ్ళ బ్యాటింగ్ విభాగాలు నిండి పొర్లుతున్నాయి, ఆ ఇన్‌ఫీల్డర్ వాళ్ళకి మిగులు. స్ట్రైకౌట్లు మనకెలాగో వాళ్ళకి అది అలాగ. పైగా షార్ట్‌స్టాప్ వాళ్ళ దగ్గరే ఉండిపోయాడు. ఈ పేజీ చూపించాక ఓటు పెట్టాను. ఆరుగురు సరేనన్నారు, డాక్టరుగారు వద్దన్నారు. ఆయన కారణాన్ని ఆయన మాటల్లోనే నిర్ణయం కాగితం మీద రాయించాను.

తర్వాత జరిగింది

ఆగస్టు, సెప్టెంబరుల్లో ఏస్ చెలరేగిపోయాడు. అతన్ని తీసుకున్న జట్టే టైటిల్ గెలిచింది. మన జట్టు ఆరు నుంచి నాలుగుకి వచ్చింది. ఆ శీతాకాలమంతా కుర్రాడు నాకు మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు, ఉంచుకుని ఉంటే రెండో స్థానం వచ్చేదని. లెక్క సరైనదే. కానీ మనం రాసుకున్న ఏడాది అది కాదు.

మరుసటి ఏడాది జూన్‌లో ఏస్‌కి ముంజేతి నొప్పి వచ్చింది, సీజన్ అక్కడితో ముగిసింది. అందరూ నాకు ఫోన్ చేసి అభినందించారు. దాన్ని రుజువుగా తీసుకోవద్దని ప్రతి ఒక్కరికీ చెప్పాను. అతను గాయపడకపోయినా మన నిర్ణయం అప్పుడు తెలిసినదాన్ని బట్టి సరైనదే, గాయపడ్డాడు కాబట్టి ఇంకా సరైనదైపోదు. బీమా తీసుకున్న ఇల్లు కాలకపోతే ప్రీమియం దండగ అయినట్టు కాదు కదా. ఇన్‌ఫీల్డర్ బేస్‌లు దొంగిలించాడు, రెండు విభాగాల్లోనూ మెట్లు ఎక్కాం. జట్టు రెండో స్థానంలో ఆగింది. మొదటివాళ్ళకీ మనకీ తేడా ఒక్క విభాగం, సేవ్స్, అంటే మ్యాచ్ ఆఖర్లో వచ్చి ఆధిక్యం కాపాడే పిచర్ల లెక్క. ఆ విభాగాన్ని నేను జూలైలోనే బలపరచమనాల్సింది. మిగతావాటి మీద చూపు నిలిపి దీన్ని వదిలేశాను.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఏ జట్టు వచ్చినా ఆటగాళ్ళ పేర్లు వినకముందే ఏడాది రాయించుకుంటున్నాను. జాబితాలని ఒకటి మించి చూడను. పాత ట్రేడ్లని వాదన కోసం ఎవరినీ తేనివ్వను. తెస్తే రెండేళ్ళ తర్వాత ఒకసారీ ఐదేళ్ళ తర్వాత ఒకసారీ ఎలా కనిపించిందో రెండూ చెప్పమంటాను. పట్టిక చేస్తే ఏ గడి జవాబుని తిప్పేస్తుందో వెతికి, మొదటి రోజే అందరికీ చూపిస్తాను. ఆ పనే ముందు చేసి ఉంటే ఈ ఏడుగురికీ పది రోజుల మనస్తాపం తప్పేది.

పెద్దాయన మాట దగ్గర మాత్రం నాకు ఇంకా తృప్తి లేదు. ఆయన వెళ్ళిపోతున్నామని చెప్పాక గదిలో గాలి మారిపోయింది. మూడేళ్ళ తర్వాత అని రాసిన రెండో ఆయన అరగంటలో వచ్చే ఏడాదికి మారిపోయారు. లెక్క చూసి మారారా, పెద్దాయన మీద అభిమానంతో మారారా అన్నది నేను విడదీయలేను. అభిమానం తప్పని అనను, ఏడుగురు కలిసి జట్టు కొనుక్కున్నదే దాని కోసం. కానీ ఒకరి కారణం బయటికి వచ్చాక మిగతావాళ్ళ ఏడాదులు వాళ్ళవి కాకుండా పోయాయి.

పెద్దాయన ఇప్పుడు సొంతూళ్ళో ఉన్నారు. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడుంబావుకి మొదలయ్యే మ్యాచ్ ఆయనకి తెల్లవారి ఐదింటికి ముందే. కాఫీ కప్పుతో చూస్తారు. మొన్న ఫోన్లో ఈ కేసు రాస్తున్నానని చెబితే, "నా కోసం ఓటు మార్చారని అప్పుడే తెలిస్తే ఆ మాట ఎత్తేవాణ్ణే కాదు బాబూ" అన్నారు. ఆయనకది ఇప్పటికీ బాధే. అందుకే ఈ మధ్య రెండు చీటీలు ఇస్తున్నాను. ఏడాది రాసిన చీటీ అందరి ముందూ తెరుస్తాను. కారణం రాసిన చీటీ నేనొక్కడినే చదివి, రాసినవాళ్ళకే తిరిగి ఇచ్చేస్తాను.